పడి లేచే జాంబీ: ఫైట్ సాగకుండా ఎలా?

ప్రశ్న: డి అండ్ డి (డంజియన్స్ అండ్ డ్రాగన్స్, పాచికలతో ఆడే కథల ఆట) 5వ ఎడిషన్, మూడో లెవెల్ పార్టీ (ఆటగాళ్ల జట్టు). కోట కాపలా శవానికి జాంబీకి ఉండే అన్‌డెడ్ ఫార్టిట్యూడ్ (ప్రాణం సున్నాకి పడినా పాచిక బాగా పడితే నిలబడే శక్తి) ఇస్తే ఫైట్ ఎంతకీ తెగట్లేదు. లైఫ్ డ్రెయిన్ (గరిష్ఠ ప్రాణాన్నే తగ్గించే దాడి) కూడా పెట్టాలనుంది. ఏం మార్చాలి?

జవాబు: లెక్క చూడండి. సేవ్ డీసీ, అంటే నిలబడటానికి 20 ముఖాల పాచికతో తెచ్చుకోవాల్సిన సంఖ్య, 5 ప్లస్ డ్యామేజ్. కాన్‌స్టిట్యూషన్ (ఒంటి గట్టిదనం, పాచికకు కలుస్తుంది) +3 ఉన్న శవం 4 డ్యామేజ్ పోటుకు 75 శాతం సార్లు 1 హెచ్‌పీతో (ప్రాణం పాయింటుతో) నిలుస్తుంది, 12 డ్యామేజ్‌కి 35 శాతమే. చిన్న దెబ్బల వాళ్లే ఇరుక్కుంటారు. శవానికి ఈ సేవ్ ఒక్కసారే అని పెట్టండి.

మరో జవాబు: నాకు విరుగుడు ఇవ్వడమే ఇష్టం. రేడియంట్ (దైవకాంతి) డ్యామేజ్‌కీ, పాచికలో 20 పడ్డ క్రిటికల్ దెబ్బకీ సేవ్ లేదు, కానీ క్లెరిక్ (పూజారి), పాలడిన్ (దైవయోధుడు) లాంటి వాళ్లు లేని పార్టీకి రేడియంట్ ఎక్కడిది? నిప్పునూ చేర్చండి, టార్చ్ అందరి దగ్గరా ఉంటుంది. కాలిన చోట మాంసం అతుక్కోవట్లేదని మొదటిసారి లేచినప్పుడే వర్ణించండి, లేకపోతే ఎవరికీ తట్టదు. లైఫ్ డ్రెయిన్ మాత్రం వద్దు. తగ్గిన గరిష్ఠ హెచ్‌పీ లాంగ్ రెస్ట్ (రాత్రి నిద్ర లాంటి పూర్తి విశ్రాంతి) దాకా తిరిగి రాదు, తక్కువ హెచ్‌పీ ఉండే విజర్డ్ (మాంత్రికుడు) తట్టుకోలేడు.