‘ఓకమి’ అన్న పేరును తెలుగులో ఎలా రాయాలి, ఎలా చెప్పాలి?

సభ్యులకు నమస్కారం. క్లోవర్ స్టూడియో అనే జపాన్ సంస్థ తయారుచేసిన ‘ఒకామి’ అన్న వీడియో గేము పేరును ‘తోడేలు దేవత’ అని తెలుగు చేయవచ్చునా అని గత వారం ఇక్కడ ఒకరు అడిగారు. కూడదని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోవచ్చును గాని, ఆ చిన్న పేరులో భాష మీద ఆసక్తి ఉన్నవారికి పనికివచ్చే సంగతులు చాలా ఉన్నాయి కనుక కొంచెం విపులంగా రాస్తున్నాను.

ముందు వర్ణక్రమం సంగతి చూద్దాం. జపాన్ అక్షరాలలో ఈ పేరు ఓ-ఓ-క-మి అని నాలుగు మాత్రలు. మొదటి రెండూ కలిసి దీర్ఘమైన ఓకారం, తక్కిన రెండూ హ్రస్వాలు. అంటే మన లెక్కలో ఒక గురువు, రెండు లఘువులు, అచ్చమైన భగణం. ఇంగ్లీషు అక్షరాలను చూసి రాసేవారు దీన్ని ‘ఒకామి’ అని జగణంగా మార్చేస్తున్నారు. గేము పెట్టె మీద తొలి అక్షరంపై దీర్ఘాన్ని సూచించే గీత ఉన్నా, రాసేటప్పుడు చాలామంది దాన్ని వదిలేస్తారు. పాపం, ఇంగ్లీషులో ఒ, ఓ అని వేర్వేరు అక్షరాలు లేవు. మనకు ఉన్నాయి కదా! పైగా జపాన్ భాషలో ఈ హ్రస్వదీర్ఘ భేదం అర్థాన్నే మార్చేస్తుంది. ‘ఒకమి’ అని హ్రస్వంగా పలికితే, పాత పద్ధతి విడిది గృహాలలో అతిథులను గుమ్మం దగ్గర ఎదుర్కొని మర్యాదలు చేసే యజమానురాలు అని అర్థం. ఈ గేములో కథానాయిక అయిన సూర్యదేవతను తీసుకుపోయి సత్రం పెత్తనంలో కూర్చోబెట్టడం న్యాయం కాదు. కనుక ‘ఓకమి’ అని రాద్దాం.

ఇక అర్థం. ‘ఓకమి’ అంటే తోడేలు. ‘ఓ’ అంటే గొప్ప, ‘కమి’ అంటే దైవం కనుక ‘ఓకమి’ అంటే మహాదైవం కూడా. ఈ గేములో ఆడేవారు నడిపించేది తెల్లని తోడేలు రూపంలో దిగివచ్చిన అమతెరసు అనే సూర్యదేవతను. జపాన్ దేశీయ మతమైన షింతో సంప్రదాయంలో ఆమె పేరు చివర గౌరవార్థం ‘ఓకమి’ అనీ, మరింత గౌరవంగా ‘ఓమికమి’ అనీ చేరుస్తారు. విరవకుండా చదివితే జంతువు, విరిచి చదివితే దైవం కాబట్టి మన ఆలంకారికులు దీన్ని సభంగశ్లేష అంటారు. అయితే మన శ్లేషకూ దీనికీ ఒక తేడా ఉంది. పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే అక్షరాలను చూస్తూ రామకథనూ భారతకథనూ చదువుకుంటాం. జపాన్‌వారు చైనా నుంచి వచ్చిన భావలిపిలో రాస్తారు కనుక తోడేలుకు ఒక గుర్తు, మహాదైవానికి వేరే రెండు గుర్తులు ఉంటాయి; కలం పెట్టగానే ఏదో ఒక అర్థాన్ని ఎంచుకోక తప్పదు, శ్లేష చెవికి మాత్రమే మిగులుతుంది. గేము తయారుచేసినవారు అక్షరాలలో మహాదైవం అని రాసి, పక్కన తోడేలు బొమ్మ వేశారు. కన్ను ఒక అర్థాన్ని చదువుతూ రెండో అర్థాన్ని చూస్తుంది, నోరు రెంటినీ ఒకేసారి పలుకుతుంది.

అసలు తోడేలుకు ఆ పేరు ‘మహాదైవం’ నుంచే వచ్చిందని ఒక వ్యుత్పత్తి బాగా ప్రచారంలో ఉంది. పంటను పాడుచేసే జింకలనూ అడవిపందులనూ వేటాడుతుంది కనుక కొండ ప్రాంతపు రైతులు తోడేలును కాపలాదారుగా చూసేవారు. సైతామా ప్రాంతంలోని మిత్సుమినె ఆలయంలో తోడేలు దేవుడి దూత. అక్కడ గుడి ముందు కాపలా విగ్రహాలు కూడా తోడేళ్లవే. ప్రాచీన కవిత్వంలో దాన్ని ‘పెద్దనోటి నిజదైవం’ అని పిలవడం కనిపిస్తుంది. మశూచిని మనవాళ్లు ‘అమ్మవారు’ అనడం దీనికి దగ్గరగా ఉంటుంది. రాత్రిపూట పామును ‘పురుగు’ అనడాన్ని కూడా కొందరు ఇక్కడ ఉదహరిస్తారు గాని నాకు అది సరిపోలినట్టు తోచదు. అది పేరెత్తకుండా తప్పించుకోవడం, ఇది పేరు పెట్టి దణ్ణం పెట్టడం. హోన్షూ దీవి తోడేలు చివరిసారిగా దొరికినట్టు నమోదైంది 1905లో, నారా ప్రాంతంలో. ఈ గేము 2006 ఏప్రిల్‌లో ప్లేస్టేషన్ 2 అనే ఆట యంత్రం మీద వచ్చేనాటికి ఆ జంతువు పోయి నూరేళ్లు దాటింది. గేము కథ కూడా నూరేళ్ల కిందట ఊరిని కాపాడి చనిపోయిన ఒక తెల్లతోడేలు విగ్రహం దగ్గరే మొదలవుతుంది.

ఇంకొక పొర కూడా ఉంది. పలికేటప్పటి స్వరం హెచ్చుతగ్గుల తేడాను పక్కన పెడితే ‘కమి’ అంటే కాగితం కూడా. గేము మొదట నిజ జీవితాన్ని పోలిన చిత్రణతో మొదలై, ఆనాటి యంత్రం ఆ బరువు మోయలేక, సిరాతో గీసిన కుంచెచిత్రాల పద్ధతికి మారింది. ఆటలో ఒక మీట నొక్కితే లోకమంతా నిలిచిపోయి కాగితమవుతుంది. దాని మీద కుంచెతో ఆకాశంలో వృత్తం గీస్తే సూర్యుడు ఉదయిస్తాడు, అడ్డంగా గీత గీస్తే ఎదురున్నది తెగిపోతుంది. దైవం కాగితం మీద రాసిందే జరుగుతుంది. బ్రహ్మరాత అన్న మాట ఎరిగిన మనకు ఇది వేరుగా వివరించనక్కరలేదు.

ఈ పదక్రీడ క్లోవర్ స్టూడియోవారికి అలవాటేననిపిస్తుంది. 2004 జూలైలో ఒసాకాలో కాప్‌కామ్ అనే గేముల సంస్థకు అనుబంధంగా ఏర్పడి, 2007 మార్చిలో మూతపడిన ఆ స్టూడియో పేరు ‘సృజనను ప్రేమించేవాడు’ అన్న ఇంగ్లీషు మాటల కుదింపు. ముఖ్యులైన మికమి షింజి పేరులోని ‘మి’ అంటే మూడు, ఇనాబ అత్సుషి పేరులోని ‘బ’ అంటే ఆకు. రెండూ కలిస్తే మూడాకుల మొక్క, అంటే క్లోవరే. ఓకమి దర్శకుడు కమియ హిదెకి ఇంటిపేరులోనూ ‘కమి’ ఉంది, దైవపు లోయ అని. ఆ ‘కమి’ మాత్రం కాకతాళీయం.

ఒక సభ్యుని ప్రశ్న:

అయ్యా, వివరణ బాగుంది. గేములో కుంచెకు శక్తులిచ్చే దేవతల పేర్లన్నీ ‘గమి’ అని ముగుస్తున్నాయి: కజెగమి, యుమిగమి, నురెగమి. మరి ‘కమి’ సరైనదా, ‘గమి’ సరైనదా? రెండవది, ‘తోడేలు దేవత’ కూడదన్నారు సరే, దానికి బదులుగా ఏమనాలో మీరు చెప్పలేదు.

దానికి నా జవాబు:

రెండూ సరైనవేనండి. కూర, కాయ కలిస్తే కూరగాయ ఎలా అయిందో, అన్న, తమ్ముడు కలిస్తే అన్నదమ్ములు ఎలా అయ్యారో, అక్కడా అలాగే సమాసంలో రెండవ పదం మొదటి పరుషం సరళమవుతుంది. కజె అంటే గాలి, కజె + కమి = కజెగమి. నురె అంటే తడవడం, కనుక నురెగమి జలదేవత. మన గసడదవాదేశంలో పకారం వకారమైతే, వారి హకారం బకారమవుతుంది. ఆ హకారం కూడా పూర్వం పకారమే. పైన చెప్పిన ఇనాబలోని ‘బ’ అలా వచ్చిందే, ఆకుకు విడిగా ‘హ’ అంటారు. రెండు భాషలకూ చుట్టరికం ఉందని దీన్ని బట్టి ఎవరూ తీర్మానించవద్దని మనవి. కారణాలు వేరు, పోలిక మాత్రం ముచ్చటైనది. ఓకమిలో ఈ మార్పు జరగలేదు, జరిగితే శ్లేష పోయేది. అవే రెండు గుర్తులను ఇంటిపేరుగా ‘ఓగమి’ అని చదివేవారున్నారు. నారాలోని ఒక ప్రాచీన ఆలయం పేరులో అవే గుర్తులను ‘ఓమివ’ అని చదువుతారు.

ఇక రెండవ ప్రశ్న. ‘తోడేలు దేవత’ అంటే శ్లేష విడిపోయి విశేషణమూ విశేష్యమూ అయిపోతుంది, తోడేళ్లకు దేవత అన్న తప్పు అర్థం కూడా తగులుతుంది. తెలుగులో తోడేలు అన్న మాటలో దైవాన్ని దాచే వీలు లేదు. కనుక పేరును ఓకమి అనే ఉంచాలి. అయితే నామవాచకంలో పోయిన శ్లేషను తెలుగు క్రియలో తిరిగి రాబట్టుకోవచ్చునని నా అభిప్రాయం. మన భాషలో ఏకవచనంలో స్త్రీకీ జంతువుకూ క్రియ ఒకటే: ఆమె వచ్చింది, అది వచ్చింది. కర్తను చెప్పకుండా వాక్యం నడపడం కూడా మనకు సహజం. ఇంగ్లీషువాడు సర్వనామం దగ్గరే దేవతో జంతువో తేల్చుకోవాలి, మనకు ఆ అవసరం రాదు. గౌరవ బహువచనం వాడితే మాత్రం ‘వచ్చారు’ అనగానే తోడేలు మాయమవుతుంది. కాని తల్లిని, అమ్మవారిని ఏకవచనంలో పిలవడం మన భక్తిలో ఉన్నదే, ‘తల్లి కరుణించింది’ అనే కదా అంటాం.

ఆటలోనూ పరిస్థితి ఇదే. దేవత ఒంటి మీది ఎర్రని గుర్తులు ఆడేవారికి కనిపిస్తాయి, దారిలో ఎదురయ్యే జనంలో చాలామందికి తెల్లని జంతువు మాత్రమే కనిపిస్తుంది. సిరా పూర్తిగా అయిపోతే ఆ గుర్తులు పోయి కాసేపు ఉత్త తోడేలుగా మిగులుతుంది. ఆమె వీపు మీద తిరిగే ఇస్సున్ అనే వేలెడంత చిత్రకారుడు ఆమెను ‘అమకో’ అని చనువుగా పిలుస్తాడు. ‘కో’ ఒకప్పుడు ప్రభువులకు చేర్చిన మాటే, తరువాత కుక్కలకు కూడా చేరింది. ఇంగ్లీషులో దాన్ని ‘అమ్మీ’ అన్నారు. రాయలసీమలో ఆడపిల్లను పిలిచే పిలుపు సరిగ్గా అదే కనుక మనం మార్చవలసిన పని లేదు.

కమియ ఇప్పుడు క్లోవర్స్ అనే కొత్త సంస్థలో ఈ గేముకు తరువాయి భాగం చేస్తున్నట్టు 2024 డిసెంబరులో ప్రకటించారు. అది వచ్చినప్పుడు ఎవరైనా తెలుగులో పరిచయం రాస్తే తొలి వాక్యం ఇలా ఉండవచ్చునని నా సూచన: ‘చీకటి పడ్డాక పొలిమేర దాటి వచ్చింది, విగ్రహం ముందు ఒక్క క్షణం ఆగి ఊరివైపు చూసింది.’