ప్లాస్టిక్ పార్టు స్టెప్ ఫైల్‌లో (3డి డిజైన్ ఫైల్) ఫీచర్లను (రిబ్, రంధ్రం లాంటి భాగాలను) సాఫ్ట్‌వేర్ గుర్తిస్తే, ఆ లెక్క మీద మోల్డ్ (ఆ పార్టు పోసే అచ్చు) కొటేషన్ ఇవ్వొచ్చా?

బాలానగర్_డిజైనర్:
కస్టమర్ పంపే స్టెప్ ఫైల్‌లో సాధారణంగా ఫీచర్ ట్రీ (ఏ భాగం ఎలా గీశారనే జాబితా) ఉండదు. ఫేసులు, ఎడ్జిలు, అంతే. వాటి నుంచి రిబ్‌లు (గోడకు బలమిచ్చే పలచని పట్టీలు), బాస్‌లు (స్క్రూ దిగే గుండ్రటి దిమ్మలు), స్నాప్‌లు (నొక్కితే పట్టుకునే కొక్కేలు) సాఫ్ట్‌వేర్ క్షణాల్లో ఏరి పెడుతుంటే గంటలకొద్దీ చేత్తో లెక్కపెట్టడం దండగ. ఇవ్వొచ్చనే నా వాదన.

జీడిమెట్ల_టూల్‌రూమ్:
రంధ్రాల వరకు సరేనండీ. రిబ్‌ల దగ్గర ఒప్పుకోను. చాలా సాఫ్ట్‌వేర్లు రిబ్‌ని పట్టేది రెండు సమాంతర ఫేసులు, వాటి అడుగున లోపలి మూల ఎడ్జి చూసి. మోల్డింగ్ పార్టులో ఆ రెండూ ఉండవు. అడుగున 0.5 మి.మీ. ఫిల్లెట్ (మూల గుండ్రం చేయడం) రాగానే మూల ఎడ్జి మాయం. డ్రాఫ్ట్ (పార్టు అచ్చులోంచి ఊడి రావడానికి ఇచ్చే వాలు) ఇవ్వగానే ఫేసులు సమాంతరం కావు.

పట్టినా మందం ఎక్కడ కొలిచింది? 2.5 మి.మీ. గోడ మీద 20 మి.మీ. ఎత్తు రిబ్, పైన 1 మి.మీ., పక్కకు 1 డిగ్రీ డ్రాఫ్ట్ అనుకోండి. మధ్యలో 1.35, అంటే గోడలో 54 శాతం. ఏబీఎస్ ప్లాస్టిక్‌కి మామూలుగా పెట్టుకునే 60 శాతం లోపే కాబట్టి పాస్. కానీ రిబ్ గోడను కలిసే మొదట్లో 1.7, అంటే 68 శాతం. సింక్ మార్క్ (పైకి కనిపించే గుంట) వచ్చేది అక్కడే కదా!

ఇంకోటి, ఒకే ఎత్తులో అడ్డంగా మూడు, నిలువుగా మూడు రిబ్‌లు గోడ నుంచి గోడకు ఉంటే ఒక్కోటి నాలుగు ముక్కలవుతుంది. ఆరు రిబ్‌లు 24గా లెక్కకొస్తాయి. రిబ్ గాడిని మోల్డ్‌లో కరెంటు మెరుపుతో తొలిచే ఎలక్ట్రోడ్లు, ఆ స్పార్క్ గంటలు అన్నీ తప్పే.

చర్లపల్లి_మోల్డ్:
వరస తప్పితే అంతే. ముందు సర్ఫేసుల మధ్య గ్యాపులు కుట్టాలి. తర్వాత కాపీ ఫైల్‌లో ఫిల్లెట్లు తీసేయాలి. ఆపైన మోల్డ్ తెరుచుకునే దిశ ఇచ్చి, అప్పుడు రన్ చేయాలి. దిశ ఇవ్వకపోతే స్నాప్ కనిపించిన ప్రతిచోటా అండర్‌కట్ (పార్టు మోల్డ్‌లోంచి నేరుగా రాకుండా అడ్డుపడే చోటు) అంటుంది. హుక్ కింద గోడలో కిటికీ ఉంటే కోర్ (మోల్డ్ లోపలి సగం) అందులోంచి దూరి క్యావిటీకి (బయటి సగానికి) ఆనుతుంది, లిఫ్టర్ (హుక్‌ని విడిపించడానికి వాలుగా కదిలే ముక్క) అక్కర్లేదు. ఆ ఒక్క తేడాకే కొటేషన్ ఎంత మారుతుందో మీకు తెలుసు.

బాలానగర్_డిజైనర్:
ముక్కల లెక్క గురించి జీడిమెట్ల గారు చెప్పింది నిజమే, ఒకే ప్లేన్‌లో ఉన్న ఫేసుల్ని ముందు కలపాలి. అయినా ఏ ఫీచర్‌లోనూ చేరని ఫేసుల్ని వేరే రంగులో చూపిస్తే మనం చూడాల్సింది వాటినే కదా?

జీడిమెట్ల_టూల్‌రూమ్:
వదిలేసినవి రంగులో కనిపిస్తాయి, తప్పుగా పేరు పెట్టినవి కనిపించవండీ. అందుకే రంగు ఫేసులు చూశాక కూడా ప్రతి రకం రిబ్‌కి ఒక సెక్షన్ కోసి, గోడ దగ్గర ఫిల్లెట్ మొదలయ్యే చోట మందం చూడండి. అది చేశాక కొటేషన్ ఇస్తానంటే నాకు అభ్యంతరం లేదు.