అమ్మానాన్నలు కెనడాలో ఎక్కువ కాలం ఉండాలంటే ఏ వీసా తీసుకోవాలి?

ప్రశ్న: మాకు కెనడాలో పీఆర్ (శాశ్వత నివాస హక్కు) ఉంది. పాప బడిలో చేరేవరకు గుంటూరులోని అమ్మానాన్నలను మా దగ్గరే ఉంచుకోవాలనుకుంటున్నాము. విజిటర్ వీసా అయితే సాధారణంగా ఆరు నెలలకే పొడిగింపు కోరవలసి వస్తుంది కదా, వేరే మార్గం ఉందా అండీ?

జవాబు: సూపర్ వీసాకు దరఖాస్తు చేయండి. 2022 జులై నుంచి ఒక్కసారి వస్తే 5 ఏళ్ల వరకు ఉండనిస్తున్నారు. అయితే కనీసం 1,00,000 కెనడా డాలర్ల వైద్య బీమా ఉండాలి, మీ ఆదాయం కుటుంబ సభ్యుల సంఖ్యను బట్టి నిర్ణయించిన మొత్తానికి తగ్గకూడదు.

మరో జవాబు: ఆ సంఖ్యలో అమ్మానాన్నలను కూడా కలపాలండీ, మేము మొదట మరిచిపోయాము. అసలు చిక్కంతా బీమాతోనే: ప్రయాణానికి కొద్ది వారాల ముందు మా నాన్నగారి షుగర్ మాత్రల మోతాదు మార్చినందువల్ల ఆ జబ్బుకు పాలసీ వర్తించదన్నారు.

ప్రశ్న అడిగినవారు: నాన్నగారికి బీపీ ఉంది, ముందుగా పాలసీ చదువుతాను. ధన్యవాదాలండీ.