గ్రంథాలయానికి వచ్చిన 11 పాత ల్యాప్‌టాప్‌లు: లినక్స్ వేయాలా, తుక్కుకు ఇవ్వాలా?

గ్రంథాలయ కార్యదర్శి

సభ్యులందరికీ నమస్కారం. మా ఊరి పూర్వవిద్యార్థులు కొందరు తమ కార్యాలయంలో పక్కన పెట్టేసిన 11 ల్యాప్‌టాప్‌లను గత నెలలో మా గ్రంథాలయానికి పంపించారు. వాటిలో ఏడు నాలుగో తరం ఐ5 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్ ఉన్నవి. మూడు కోర్ 2 డ్యుయో కాలం నాటివి. మిగిలిన ఒకటి పలక కన్నా కాస్త పెద్దదైన ఆటమ్ నెట్‌బుక్. ఆ ఏడింటిలో విండోస్ 10 ఉంది. మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో దానికి మద్దతు ఆపేసింది. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే ఇంటెల్‌లో సుమారుగా ఎనిమిదో తరం ప్రాసెసర్, దానితోపాటు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలంటున్నారు కనుక ఆ దారి కూడా మూసుకుపోయినట్టే.

దీని మీద మా కమిటీ రెండుగా చీలిపోయింది. అన్నింటిలోనూ విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసి చదువుకునే పిల్లలకు అందుబాటులో ఉంచుదామని సగం మంది అంటుంటే, వీటిని తుక్కు కింద ఇచ్చేసి, చేతిలో ఉన్న 40,000 రూపాయలకు ఆ డబ్బు కలిపి ఒక్క మంచి యంత్రం కొనుక్కుంటే పీడ పోతుందని మిగిలినవారు అంటున్నారు. హాల్‌టికెట్ల కోసం, పరీక్షా ఫలితాల కోసం వచ్చే విద్యార్థులు, నవంబరులో జీవన ధ్రువపత్రం కోసం వచ్చే పింఛనుదారులు, ఎప్పుడైనా ఒక అర్జీ టైపు చేయించుకోవడానికి వచ్చే రైతులు మా పాఠకులు. నాకు టైపింగ్ బాగానే వచ్చు గానీ అంతకు మించిన కంప్యూటర్ జ్ఞానం లేదు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

మరమ్మతుల బల్ల

కార్యదర్శి గారూ, దానమిచ్చిన ఆవు పళ్లు లెక్కపెట్టకూడదంటారు గానీ ల్యాప్‌టాప్‌ల దగ్గర లెక్కపెట్టక తప్పదు. 11 యంత్రాలకూ కలిపి ఒకే తీర్పు చెప్పాలనుకోవడం దగ్గరే మీ కమిటీ తప్పటడుగు వేసింది.

నెట్‌బుక్‌ను ముందే వదిలేయండి. ఆ తొలికాలపు ఆటమ్‌లలో చాలావరకు పాత తరహా 32 బిట్ల ప్రాసెసర్లే. క్రోమ్ బ్రౌజర్ 32 బిట్ల లినక్స్‌ను 2016లోనే వదిలేసింది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 అనే లినక్స్ రకానికి 32 బిట్ల ఇన్‌స్టాలరే లేదు. లినక్స్‌లో 32 బిట్ల ఫైర్‌ఫాక్స్ కూడా 144వ వెర్షన్‌తో ఆగిపోయింది. యాంటీఎక్స్ లాంటి తేలికపాటి లినక్స్ అందులో ఎక్కుతుంది, నేనూ ఎక్కించాను, ఎక్కిందని సంతోషించాను, మళ్లీ దాన్ని ఎవరూ తెరవలేదు.

కోర్ 2 డ్యుయోలు 64 బిట్లవే కనుక లినక్స్ మింట్ అనే రకం ఎక్కుతుంది. అయితే యూట్యూబ్ ఇప్పుడు ఎక్కువగా పంపే వీపీ9, ఏవీ1 పద్ధతుల్లో కుదించిన వీడియోలను విప్పే ఏర్పాటు ఆ కాలపు గ్రాఫిక్స్‌లో లేకపోవడం వల్ల భారమంతా ప్రాసెసర్ మీద పడి, ఫ్యాను హోరెత్తుతుంది, బొమ్మ మాత్రం ఆగి ఆగి కదులుతుంది. పైగా ప్రాసెసర్లలో స్పెక్టర్ అనే భద్రతా లోపం బయటపడిన 2018లోనే ఆ తరానికి చెందిన పలు చిప్‌లకు దాన్ని దిద్దే మైక్రోకోడ్ సవరణ ఇవ్వబోమని ఇంటెల్ ప్రకటించింది. వాటిలోంచి తెరలు, ఛార్జర్లు, కీబోర్డులు తీసి దాచుకోండి.

అసలు మాట ఆ ఏడింటిది. ఇక్కడ లినక్స్ కన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. తిరిగే హార్డ్‌డిస్కు తీసేసి ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని వేగవంతమైన డిస్కు బిగించాలి. గత వారం ఇలాంటిదే ఒక నాలుగో తరం యంత్రం నా బల్ల మీదికి వచ్చింది. పాత డిస్కు మీద మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి తెర రావడానికి నిమిషంన్నర దాటింది; అదే మింట్‌ను ఎస్‌ఎస్‌డీ మీద వేస్తే నేను టీ గ్లాసు కింద పెట్టేలోపు లాగిన్ అడిగింది. ర్యామ్ కూడా 8 జీబీ చేయించండి. ఎక్స్‌ఎఫ్‌సీఈ ఖాళీగా ఉన్నప్పుడు ఒక జీబీ లోపే తీసుకుంటుంది, నిజమే. కానీ ఫైర్‌ఫాక్స్‌లో పది ట్యాబులు తెరిచేసరికి 4 జీబీ చాలదు. ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) తేలికైనదని మనం మురిసిపోతాం గానీ వెబ్‌సైట్లు తేలికవ్వలేదు కదా. ర్యామ్ కొనేటప్పుడు డీడీఆర్3ఎల్, అంటే 1.35 వోల్టులది అడగండి. మామూలు డీడీఆర్3 ఇస్తే ఆ తరం ల్యాప్‌టాప్‌లు చాలావరకు స్టార్టే అవవు, షాపువాడు బోర్డు పోయిందంటాడు.

ఇంకొక్క మాట. ఇన్నేళ్లు మూలన పడి ఉన్న యంత్రాల్లో తారీఖును నిలిపి ఉంచే, నాణెం ఆకారంలో ఉండే సీమాస్ సెల్ చచ్చిపోయి ఉంటుంది. ఏ ఓఎస్ వేసినా తారీఖు వెనక్కి పోతే బ్రౌజర్ ప్రతి సైటునూ సురక్షితం కాదంటుంది. ఆ సెల్ మార్చకుండా లినక్స్‌ను తిట్టినవాళ్లను చాలామందిని చూశాను. ఉబ్బిన బ్యాటరీ కనిపిస్తే మాత్రం అదే రోజు తీసేయండి.

అక్షరశాల

ఇరవై ఏళ్లకు పైగా డీటీపీ చేస్తున్నవాడిగా నా అభ్యంతరం నమోదు చేస్తున్నాను. పైన రాసిన మిత్రుడు యంత్రం సంగతి చక్కగా చెప్పారు గానీ ఆ యంత్రం ముందు కూర్చునే మనిషి సంగతి వదిలేశారు.

మొదటిది, మన జిల్లాల్లో తెలుగు అచ్చు పని ఇప్పటికీ చాలావరకు అను ఫాంట్లతో, పేజ్‌మేకర్ అనే పేజీ కూర్పు సాఫ్ట్‌వేర్‌తో నడుస్తోంది. అవి విండోస్‌కు కట్టుబడినవి, ఏ యంత్రంలోనైనా చదవగలిగే యూనికోడ్ కావు. గ్రంథాలయ వార్షికోత్సవం కరపత్రం ఫైలును లినక్స్‌లో తెరిచి చూడండి, తెలుగు ఉండాల్సిన చోట రోమన్ అక్షరాలు, కామాలు, డాలరు గుర్తులు వరసగా కనిపిస్తాయి. రెండోది, పల్లెటూరి కుర్రాడికి ఉద్యోగం ఇచ్చే చోట ట్యాలీ వచ్చా, ఎక్సెల్ వచ్చా అని అడుగుతారు తప్ప లినక్స్‌లో ఉండే లిబ్రెఆఫీస్ వచ్చా అని అడగరు. మూడోదే నాకు అన్నిటికన్నా పెద్దది. మా పక్క ఊరిలో ఒక శిక్షణ కేంద్రంలో ఎనిమిది కంప్యూటర్లకు ఒక కుర్రాడు ఎంతో ఇష్టంగా లినక్స్ వేశాడు. వాడున్న ఏడాదిన్నర అద్భుతంగా నడిచింది. వాడికి బెంగళూరులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాక ఒక రోజు ఏదో అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయి రెండు యంత్రాలు నల్లతెర దగ్గర ఆగిపోయాయి, మిగిలిన వాటి అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. నేను చివరిసారి వెళ్లినప్పుడు వాటి మీద పాత చీర కప్పి ఉంది. విండోస్ అయితే బజారులో ఎవరో ఒకరు వచ్చి చేసిపెడతారు. ఉచితంగా వచ్చే ఓఎస్‌కు మనిషి ఉచితంగా రాడు.

గోడ మీద పిల్లి

ఇంత వాదన దేనికి? రూఫస్ అనే సాఫ్ట్‌వేర్‌తో పెన్‌డ్రైవ్ తయారు చేసుకుంటే టీపీఎం పరీక్షను దాటవేసి విండోస్ 11 వేసుకోవచ్చు. లేదంటే విండోస్ 10కే 2026 అక్టోబరు 13 వరకు అదనపు భద్రతా నవీకరణల పథకం ఉంది, అప్పటిదాకా ఆగి చూడవచ్చు.

మరమ్మతుల బల్ల

మీరు చెప్పిన రెండూ జరిగే పనులే. కానీ అర్హత లేని యంత్రాలకు నవీకరణలు అందుతాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి ప్రాసెసర్‌లో కొన్ని ఆదేశాలు తప్పనిసరి అవడంతో కోర్ 2 డ్యుయోల మీద అది అసలు బూటే కాదు. ఇక 4 జీబీ ర్యామ్, పాత డిస్కు మీద విండోస్ 11 వేస్తే పిల్లవాడు హాల్‌టికెట్ తీసుకునేలోపు గ్రంథాలయం మూసే వేళవుతుంది. వ్యక్తిగత వాడకానికి ఉన్న ఆ అదనపు పథకం కూడా ఒక్క ఏడాదిదే; మింట్ 22కు 2029 దాకా నవీకరణలు వస్తాయి.

లెక్కల మాస్టారు

ఉద్యోగాల మాట వచ్చింది కనుక ఒక దక్షిణాది రాష్ట్రం సంగతి చెప్పాలి. కేరళలో 2001లో మొదలైన ఐటీ@స్కూల్ పథకం క్రమంగా ప్రభుత్వ బడుల కంప్యూటర్ చదువునంతటినీ లినక్స్ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదికి మార్చింది. ఇప్పుడు దాన్ని కైట్ అనే ప్రభుత్వ సంస్థ నడుపుతోంది. అక్కడి పిల్లలు లినక్స్ మీద నేర్చుకుని ఎక్సెల్ ముందు కూర్చున్నప్పుడు చేతులు కట్టుకుని నిలబడిపోలేదు. లెక్కలు ఒక పలక మీద నేర్చుకున్నవాడు ఇంకో పలక మీద మరిచిపోతాడా?

తెలుగు గురించి ఉన్న భయం సగం పాతది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ వారు తెలుగులో లినక్స్‌ను తెచ్చి చాలా ఏళ్లయింది. ఈనాటి మింట్‌లో ఐబస్ అనే టైపింగ్ సాధనం ద్వారా ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ అనే రెండు తెలుగు టైపింగ్ పద్ధతులూ వాడుకోవచ్చు; ఒత్తులూ గుణింతాలూ చెదరవు. అను ఫైళ్ల విషయంలో అక్షరశాల గారి మాట నిజమే, కాకపోతే ఆ తప్పు లినక్స్‌ది కాదు, యూనికోడ్ వచ్చిన తరవాత కూడా మనం పాత గూడు వదలకపోవడానిది.

కార్యదర్శి గారు గమనించాల్సిన సదుపాయం ఒకటుంది. మింట్ లాగిన్ విండో అమరికల్లో అతిథి సెషన్‌ను అనుమతించవచ్చు. పిల్లవాడు అతిథిగా ప్రవేశించి, ఫలితాలు చూసుకుని, మెయిల్ తెరిచి, లాగౌట్ చేయడం మరిచినా బయటికి రాగానే వాడు దించుకున్న ఫైళ్లు, బ్రౌజర్‌లో వదిలిన పాస్‌వర్డులు అన్నీ చెరిగిపోతాయి. పదిమంది వాడే చోట దీనికన్నా కావలసింది ఏముంటుంది?

అక్షరశాల

మాస్టారు గారి అతిథి సెషన్ మాట నాకు తెలియదు, అది మంచి ఏర్పాటే. కానీ కేరళ ఉదాహరణ నా పక్షానికే సాక్ష్యం చెబుతోంది. అక్కడ ప్రభుత్వం వెనక నిలబడింది, ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది, పాడైతే పిలవడానికి మనుషులున్నారు. ఇక్కడ టైపింగ్ మాత్రమే తెలిసిన కార్యదర్శి గారు ఒక్కరున్నారు. ఆయన సెలవు మీద వెళ్లిన వారం ఏమవుతుందో చెప్పండి. యూనికోడ్‌కు మారనందుకు మమ్మల్ని తప్పుపట్టే ముందు, పెళ్లిశుభలేఖకు గిరాకీదారు అడిగే అక్షరాల అందం యూనికోడ్‌లో ఎన్ని ఫాంట్లకు ఉందో కూడా చూడాలి.

గ్రంథాలయ కార్యదర్శి

పది రోజుల తరవాత రాస్తున్నాను. మాటలతో తేలేది కాదని ఒక్క ఐ5 యంత్రానికి ఎస్‌ఎస్‌డీ, ర్యామ్, సీమాస్ సెల్ వేయించి, మా అబ్బాయి సాయంతో మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎక్కించి పఠనమందిరంలో పెట్టాను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మొదటి రోజే వైఫై కనిపించలేదు. దానికి కావలసిన డ్రైవర్‌ను ఇంటర్నెట్ నుంచే దించుకోవాలట, ఇంటర్నెట్ రావాలంటే డ్రైవర్ కావాలట! ఫోన్‌ను యూఎస్‌బీ తీగతో కలిపి టెథరింగ్ పెడితే నెట్ వచ్చింది, డ్రైవర్ మేనేజర్ తెరిచి రెండు నొక్కులతో పని ముగించాం. పిల్లలు ఓఎస్ మారిందని గమనించనే లేదు. ఫైర్‌ఫాక్స్ నక్క బొమ్మ కనిపిస్తే చాలు వారికి. ఇంటర్ చదివే ఒక అమ్మాయి మాత్రం ఇన్‌స్క్రిప్ట్ మీటల బొమ్మను కాగితం మీద గీసుకుని వచ్చి, రెండు సాయంత్రాల్లో అర్జీ టైపు చేయడం నేర్చుకుంది.

ఎదురుదెబ్బ తగిలింది పింఛనుదారుల దగ్గర. మా దగ్గరున్న వేలిముద్ర పరికరం లినక్స్‌లో పలకలేదు, జీవన ధ్రువపత్రం ఇచ్చే జీవన్ ప్రమాణ్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ విండోస్‌దే. ముఖం చూపించి ధ్రువపత్రం పొందే పద్ధతి ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఉంది కనుక అప్పటికి గట్టెక్కాం గానీ, ముందే తెలిస్తే నలుగురు పెద్దవాళ్లు గంటసేపు బల్ల మీద కూర్చునేవారు కాదు. కార్యాలయం ప్రింటర్ కూడా మొరాయించింది. పీడీఎఫ్‌ను ఫోన్‌లోకి పంపి అచ్చు తీస్తున్నాం.

కమిటీలో నిన్న తేలింది ఇది. ఆరు ఐ5 యంత్రాలకు మింట్ వేస్తాం. ఏడోదాన్ని విండోస్ 10తోనే ఉంచి, అదనపు నవీకరణల పథకంలో చేర్చి, వేలిముద్ర పరికరానికి, అను ఫైళ్లకు మాత్రమే వాడతాం. పిల్లలెవరూ దాన్ని ముట్టుకోరు. కోర్ 2 డ్యుయోలు విడిభాగాలకు, నెట్‌బుక్ అధీకృత ఈ-వ్యర్థాల సేకరణకు. అక్షరశాల గారి పాత చీర మాట మా అందరినీ గుచ్చింది. అందుకే అడ్మిన్ పాస్‌వర్డును కవరులో పెట్టి, అతికించి, రిజిస్టరుతోపాటు బీరువాలో ఉంచాం. ఆ ఇంటర్ అమ్మాయికి, ఇంకో కుర్రాడికి మా అబ్బాయి ఆదివారాలు పని నేర్పుతాడు. మిగిలిన డబ్బులో కొంత విడిగా దాచి మరమ్మతులకు ఉంచాం.

అక్షరశాల

ఆ ఏడో యంత్రం మీద మీ నిర్ణయం సరైనది. మిగిలిన ఆరింటి మీద నా అనుమానం పోలేదు. ఆ అమ్మాయి రెండేళ్లలో పైచదువుకు వెళ్తుంది, కవరులో పాస్‌వర్డు ఉంటుంది గానీ కవరు చింపాక ఏం చేయాలో తెలిసిన మనిషి ఉండాలి. నేర్చుకునేవాళ్లు ఇద్దరు కాదు, నలుగురు ఉండేలా చూడండి, అందులో ఒకరు ఊరు వదలని గృహిణో, దుకాణదారో అయితే మంచిది.

ప్రింటర్ మోడల్ రాయండి. ఈ ఆదివారం మీ వైపు ఒక శుభలేఖ ప్రూఫు ఇవ్వడానికి వస్తున్నాను, నా దగ్గర మూలన ఒక పాత లేజర్ ప్రింటర్ ఉంది. అది లినక్స్‌లో పలుకుతుందేమో మీ అబ్బాయితో చూపిద్దాం. పలికితే మీరే ఉంచుకోండి, టోనరు మాత్రం నేను ఇవ్వను.