రెండేళ్ల పాపతో పంటు మీద అంతర్వేది వెళ్లొచ్చా?

మాది నరసాపురం. పాపకి రెండేళ్లు. నీళ్లు కనిపిస్తే చాలు, చెయ్యి విడిపించుకుని పరిగెడుతుంది. ఆదివారం పంటు (గోదారి దాటించే పెద్ద పడవ) మీద సఖినేటిపల్లి రేవు దాటి అంతర్వేది తీసుకెళ్దామనుకుంటున్నాం. మా అత్తయ్యగారికి గోదారంటే భయం. చిన్నపిల్లలతో ఎవరైనా వెళ్లారా అండి?

జవాబు: వెళ్లామండి, బాబుకి ఏడాదిన్నరప్పుడు. పొద్దున్నే బయల్దేరండి, ఎండెక్కితే పంటు మీద నిలబడలేం. రేవు దాటేదాకా పాపని చంక దించొద్దు. పెరుగన్నం డబ్బాలో పెట్టుకోండి. మావాడు ఆ రోజంతా అదొక్కటే తిన్నాడు.

జవాబు: అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర వశిష్ఠ గోదారి సముద్రంలో కలుస్తుందమ్మా. అక్కడ నీళ్లలోకి మాత్రం దించకండి. ఇసకలో కూర్చోబెట్టి గవ్వలేరించండి. మా మనవరాలు గుప్పిట్లో గవ్వలతోనే నిద్రపోయింది.

మళ్లీ నేనే: అత్తయ్యగారికి చదివి వినిపించాను. తనూ వస్తానన్నారు!