సింగపూర్ నుంచి కౌలాలంపూర్‌కు విమానంలో "గంట ప్రయాణం" అనడం సరైనదేనా?

సెంబవాంగ్ వాసి: వచ్చే నెల కౌలాలంపూర్‌లో మా పెదనాన్నగారి మనవరాలి పెళ్లి ఉంది. అమ్మ, నా భార్య, ఇద్దరు పిల్లలు, నేను వెళ్లాలి. విమానంలో గంట అంటున్నారు, బస్సులో అయిదారు గంటలు అంటున్నారు. ఏది మేలో చెప్పగలరు.

దారిలెక్క: విమానమే మేలు. రెండు ఊళ్ల మధ్య గగన దూరం 300 కిలోమీటర్లే. గాలిలో ఉండేది ముప్పావు గంట. వేళల పట్టికలో గంటా పది నిమిషాలని కనిపించేది ద్వారం వదిలినప్పటి నుంచి మళ్లీ ద్వారం చేరేవరకు లెక్కగట్టడం వల్ల.

తెనాలి అబ్బాయి: అయ్యా, మనిషి బయలుదేరేది ద్వారం నుంచి కాదు, ఇంటి నుంచి. సింగపూర్ ఉత్తరాన ఉన్న సెంబవాంగ్ నుంచి చాంగీ విమానాశ్రయం చేరడానికి గంట, అక్కడ రెండు గంటల ముందు ఉండాలి, దిగాక మళ్లీ పాస్‌పోర్టు వరుస. 1998లో తెరిచిన కౌలాలంపూర్ విమానాశ్రయం ఉన్నది ఊళ్లో కాదు, సేపాంగ్‌లో. అక్కడి నుంచి వేగపు రైలెక్కినా ఊళ్లోని పెద్ద రైల్వే స్టేషన్ కేఎల్ సెంట్రల్‌కు 28 నిమిషాలు. అన్నీ కూడితే అయిదు గంటలు దాటుతుంది.

కొలబద్ద: 300 అన్నది తప్పు. 315 కిలోమీటర్లు.

దారిలెక్క: చాంగీ నుంచి సేపాంగ్‌కు 296. నేను విమానం ఎగిరే దూరం చెప్పాను.

కొలబద్ద: "రెండు ఊళ్ల మధ్య" అని రాసింది మీరే. ఊరి నడిబొడ్డు నుంచి నడిబొడ్డుకు 315, రోడ్డు మీద దాదాపు 350.

దారిలెక్క: బస్సును మెచ్చుకునేవారు పండుగ సెలవుల్లో సింగపూర్‌ను మలేషియాతో కలిపే వుడ్‌ల్యాండ్స్ వంతెన మీద ఒకసారి నిలబడి చూడాలి. పోయిన దీపావళికి మేము అక్కడే నాలుగు గంటలు ఆగిపోయాము. మలేషియాలోని జొహోర్ వైపు సామానంతా దించి, తనిఖీ చేయించుకొని, మళ్లీ ఎక్కించాలి. మా అమ్మ మోకాళ్ల నొప్పితో ఆ మెట్ల దగ్గర గోడకు చేయి ఆనించి నిలబడిన తీరు నాకింకా కళ్లముందే ఉంది.

తెనాలి అబ్బాయి: మీ బాధ అర్థమైంది. కానీ మీ దగ్గర అయిదు టికెట్ల డబ్బు ఉంది కనుక గంట, ముప్పావు గంట అని మాట్లాడగలుగుతున్నారు. నేను ఇక్కడికి వచ్చిన తొలి మూడేళ్లూ అక్క ఇంటికి బస్సులోనే వెళ్లాను. గంట ప్రయాణానికి ఇంత ఆలోచనా అని చుట్టాలు అడిగినప్పుడల్లా జవాబు చెప్పుకోలేకపోయాను. ఆ "గంట" అన్న మాట మీదే నా కోపం.

దారిలెక్క: అలా అనుకోలేదండీ. నేను అమ్మ గురించి ఆలోచించాను, మీరు ఖర్చు గురించి మాట్లాడుతున్నారు. ఇంతసేపు దూరం మీద వాదించుకున్నాము.

సెంబవాంగ్ వాసి: మా అమ్మకూ 71 ఏళ్లు, మోకాళ్ల నొప్పే. అమ్మను నేను విమానంలో తీసుకువెళ్తాను. నా భార్య, పిల్లలు ముందురోజు పొద్దున బస్సులో బయలుదేరుతారు.

తెనాలి అబ్బాయి: అలాగైతే అమ్మగారికి చక్రాల కుర్చీ కావాలని టికెట్ తీసుకునేటప్పుడే చెప్పండి. సేపాంగ్ కంటే సుబాంగ్‌లోని పాత విమానాశ్రయం ఊరికి బాగా దగ్గర, అక్కడ దిగే విమానం దొరుకుతుందేమో కూడా చూడండి. పిల్లలను శుక్రవారం సాయంత్రం మాత్రం బస్సెక్కించకండి.