స్వారీ బూట్లలో ధరకు తగిన నాణ్యత ఏ బ్రాండులో ఉంది?

ప్రశ్న (దెగ్లూరు, నాందేడ్ జిల్లా):
మార్గశిరంలో జరిగిన మాళేగావ్ ఖండోబా జాతరలో మా నాన్నగారు ఒక గుర్రాన్ని కొన్నారు. ఇన్నాళ్లూ మామూలు క్యాన్వాస్ బూట్లతోనే స్వారీ చేశాను కాని, మొన్న దిగబోతుండగా పాదం రికాబులో (జీనుకు వేలాడే, పాదం పెట్టుకునే కడియంలో) ఇరుక్కున్నందున అసలైన స్వారీ బూట్లు కొనాలని నిశ్చయించుకున్నాను. డెకాథ్లాన్ వారి ఫూగాంజా, అమెరికా వారి ఆరియట్, కాన్పూరులో కుట్టిన బూట్లు, ఈ మూడింటి ధరల మధ్య చాలా అంతరం ఉంది. నాణ్యతలో కూడా అంత తేడా ఉంటుందా? మోకాలి దాకా వచ్చే రకమే కొనాలా?

జవాబు (నాందేడ్):
మీ పాదం ఇరుక్కోవడానికి కారణం బ్రాండు కాదు, బూటు అడుగుభాగం (సోలు). స్వారీ బూటుకు సుమారు 2.5 సెంటీమీటర్ల మడమ, లోతైన గాళ్లు లేని నున్నని అడుగు ఉంటాయి. మడమ పాదాన్ని రికాబులోంచి అవతలికి జారిపోనివ్వదు, నున్నని అడుగు అవసరమైనప్పుడు వెంటనే బయటికి రానిస్తుంది. ఈ రెండూ ఫూగాంజా చౌక బూట్లలోనూ ఉంటాయి కనుక నేర్చుకునేవారికి అవి చాలు.

ఆరియట్ 1993లో మొదలైన సంస్థ. 1973లో అమెరికాలో ట్రిపుల్ క్రౌన్ (ఒకే ఏడాది మూడు ప్రధాన పందేలు) గెలిచిన సెక్రటేరియట్ అనే గుర్రం పేరులోంచే ఆ పేరు తీసుకున్నారు. అందులో మీరు ఎక్కువ చెల్లించేది ముఖ్యంగా పాదం కింద ఉండే మెత్తకు, గంటల తరబడి తొడుక్కున్నా అలసట తెలియని అమరికకు. రోజుకు అరగంట స్వారీకి అంత ఖర్చు అవసరమని నాకు అనిపించదు.

జవాబు (కిన్వట్):
మన వానాకాలాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి. నేను తొలిసారి కొన్న పొడుగు బూట్లకు (కంపెనీ పేరు వద్దులెండి) వెనుక జిప్పు రెండో ఏడాదే తెగిపోయింది, తోలుకు బూజు పట్టింది, జిప్పు మార్చేవారు ఊళ్లో దొరకలేదు. బురద, చెమట జిప్పు పళ్లలో చేరితే ఎంత ఖరీదైన బూటైనా మొదట అక్కడే పాడవుతుంది. అందుకే ఇప్పుడు చీలమండ దాకా వచ్చే, పక్కన ఎలాస్టిక్ ఉన్న జోధ్‌పురీ బూట్లు, వాటిపై పిక్కకు విడిగా చుట్టుకునే హాఫ్ చాప్స్ వాడుతున్నాను; ఏది చెడితే అదొక్కటే మార్చుకోవచ్చు, ఎండల్లో కాలికి గాలి ఆడుతుంది.

కాన్పూరు బ్రిటిషు సైన్యానికి జీనులు కుట్టిన ఊరు కనుక అక్కడి పనితనానికి లోటు లేదు, కాని ఒకే ఊరి సరుకులోనూ హెచ్చుతగ్గులు ఉంటాయి. చీలమండ దగ్గర తోలును మడిచి చూడండి: సన్నని ముడతలు పడి మళ్లీ సర్దుకుంటే మంచి తోలు, పైపూత పగిలినట్లు గీతలు తేలితే చీల్చిన తోలుకు (గట్టి పైపొర తీసేశాక మిగిలిన అడుగు పొరకు) రంగు అద్దినది. అడుగు కేవలం అతికించిందా, కుట్టిందా అన్నది కూడా అడగండి. కుట్టిన అడుగును అరిగాక మార్పించుకోవచ్చు. తడిసినవాటిని ఎండలో పెట్టకుండా, లోపల పాత వార్తాపత్రికలు కుక్కి నీడన ఆరనివ్వండి.

జవాబు (నాందేడ్):
పై సలహాతో ఏకీభవిస్తున్నాను. తర్వాత ఎప్పుడైనా పొడుగు బూట్లు కొంటే, స్వారీ ప్యాంటు తొడుక్కుని, సాయంత్రం పూట, కూర్చున్న భంగిమలో పిక్క చుట్టుకొలతను, నేల నుంచి మోకాలి వెనుక మడత దాకా ఎత్తును కొలుచుకోండి. కొత్త తోలు చీలమండ దగ్గర మడతలు పడి రెండు మూడు సెంటీమీటర్లు కిందికి దిగుతుంది కనుక మొదట్లో కాస్త పొడవనిపించడమే మంచిది. రికాబు కూడా బూటు కంటే సుమారు 2.5 సెంటీమీటర్లు వెడల్పుగా ఉండాలి. గుర్రంతోపాటు వచ్చిన పాత రికాబులను కొత్త బూట్లతో ఒకసారి సరిచూసుకోండి.